బోర్డుల షాపులో గెర్నికా

మా మాస్టారు పోయారు. వార్త తెలిసిన రోజు వెళ్లలేకపోయాను, పెద్దకర్మకి విజయనగరం వెళ్లాను. భోజనాలయ్యాక ఆయన కోడలు అటక మీంచి ఓ రేకుపెట్టె దింపించింది. "మావయ్యగారు దీన్ని ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు అన్నయ్యగారూ. ఏం చెయ్యాలో మాకు తెలీడం లేదు. మీరే చూసి చెప్పండి" అంది. మూత తియ్యగానే ముందు వాసనొచ్చింది. లిన్సీడాయిలు, టర్పెంటాయిలు, పాత కాగితం, అడుగున ఎక్కడో కలరా ఉండలు. ఆ వాసనకి నేను అక్కడే, అరుగు మీద, కాసేపు మాటాడకుండా కూర్చుండిపోయాను.

లోపలంతా బొమ్మలు. పత్రికల్లోంచి జాగ్రత్తగా కత్తిరించి, పాత కేలండర్ల వెనక మైదా జిగురుతో అంటించినవి. చందమామ అట్టలు, దీపావళి ప్రత్యేక సంచికల్లోని రంగు పేజీలు, ఇలస్ట్రేటెడ్ వీక్లీలోవి కొన్ని, సోవియట్ భూమిలోవి కొన్ని. ప్రతి బొమ్మ కిందా పెన్సిలుతో ఆయన చేతిరాత. వేసినవారి పేరు, వేసిన ఏడు, దాని కింద అడుగుల్లో, అంగుళాల్లో ఆ బొమ్మ అసలు కొలత. కొలత తెలియని చోట ఒక గీత గీసి ఖాళీ ఉంచారు. ఎప్పటికైనా తెలిస్తే రాయొచ్చని.

మాది నెల్లిమర్ల. నాన్న జూట్ మిల్లులో పనిచేసేవాడు. టెన్త్ పరీక్షలయ్యాక వేసవిలో ఊరికే తిరుగుతున్నానని నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని విజయనగరం తీసుకొచ్చి, గంటస్తంభం దగ్గర్లో ఓ సందులో ఉన్న బోర్డుల షాపులో దింపాడు. "బొమ్మలంటే పిచ్చి బాబూ ఈడికి. పుస్తకాలన్నీ పాడుసేసినాడు. ఏదో పని నేర్పండి" అన్నాడు. మాస్టారు నా చేతులు తిరగేసి చూశారు. గోళ్లు చూశారు. "రేపు పొద్దున్నే రా. పాత చొక్కా ఏసుకుని రా" అన్నారు, అంతే.

మొదట్లో బ్రష్షు ఇవ్వలేదు. ఉప్పుకాగితంతో రేకు రుద్దడం, తుడవడం, రెడాక్సైడ్ పుయ్యడం, ఆరాక మళ్లీ రుద్దడం. సాయంత్రం బ్రష్షులు కిరసనాయిల్లో కడిగి, సబ్బు పెట్టి, వేళ్లతో కొస దువ్వి నిలబెట్టడం. రేకు మీద ఉప్పుకాగితం చప్పుడు, పక్కనే టైలరు మిషను చప్పుడు, ఎదురు కిళ్లీకొట్లో రేడియో. పదకొండింటికి టీ. గాజుగ్లాసులు ఆరు పట్టే తీగల స్టాండుతో ఓ కుర్రాడొచ్చేవాడు. టీ తాగుతున్నప్పుడు కూడా మాస్టారు ఏదో ఒక కాగితం మీద గుండ్రాలు గీస్తూనే ఉండేవారు.

తెలుగక్షరం అంతా గుండ్రమే కదా. ఆ గుండ్రం చేతికి రావాలి. అక్షరాలకి పైనా కిందా హద్దు కోసం దారం కొట్టేవాళ్లం. నీలంపొడి అద్దిన నూలుదారాన్ని బోర్డు మీద ఈ చివర నేను, ఆ చివర ఇంకొకడు బిగించి పట్టుకుంటే, మాస్టారు మధ్యలో రెండు వేళ్లతో లాగి వదిలేవారు. టప్పుమని చిన్న శబ్దం. తీస్తే సన్నటి నీలిగీత, కొలిచి గీసినా రానంత తిన్నగా. ఆ గీత మధ్యలో ఎడంచేతిలోని కర్రకి కుడిమణికట్టు ఆనించి 'శ్రీ'తో మొదలుపెట్టేవారు. ఏ బోర్డయినా సరే, ఎరువుల షాపయినా, సైకిళ్ల షాపయినా, 'శ్రీ' రాసేటప్పుడు ఆయన ఊపిరి బిగబట్టడం నాకు వినపడేది.

దసరాల ముందు పని ఎక్కువ. పైడితల్లమ్మ పండగకి ఊరంతా కొత్త బోర్డులు కట్టుకునేది. రాత్రి పొద్దుపోయేదాకా పెట్రోమాక్సు పెట్టుకుని రాసేవాళ్లం. అలాంటి రాత్రుళ్లలోనే, రంగు ఆరేలోపు ఖాళీలో, ఆయన ఆ కాగితాలు బయటికి తీసేవారు.

*

నెల మొదట్లో చందమామ వచ్చేది. మేం కథల కోసం కొట్టుకుంటుంటే ఆయన ముందు అట్ట చూసేవారు. వడ్డాది పాపయ్య గారి బొమ్మ. మూలన చిన్నగా 'వ.పా'. "ఈయన మనవాడురా. 1921లో శ్రీకాకుళంలో పుట్టాడు. వాళ్ల నాన్నగారు డ్రాయింగు మాస్టారు" అని ప్రతిసారీ చెప్పేవారు, మాకు తెలీదన్నట్టు. పత్రిక అచ్చయ్యేది మద్రాసులో. ఆయన మాత్రం అనకాపల్లి పక్కన కశింకోటలోనే ఉండి బొమ్మలు వేసేవారు. పురాణాలు, రాగాలు, రుతువులు, జడలల్లుకుని నీలాటి రేవుకి పోయే ఆడవాళ్లు. ఆ ఆకాశాలు ఇప్పటికీ నాకు ఇంకెక్కడా కనపడలేదు. సాయంత్రం వెలుతురు ఆకుపచ్చలోకి, ఆకుపచ్చ ఊదాలోకి ఎక్కడ మారిందో తెలియకుండా మారిపోయేది.

ఓ రాత్రి మాస్టారు వాచీ రిపేరు షాపు నుంచి భూతద్దం అరువు తెచ్చారు. చందమామ అట్ట మీద పెట్టి, నా తల వంచి చూడమన్నారు. అట్ట మీద ఓ దేవకన్య చెంప. అద్దంలోంచి చూస్తే చెంప లేదు. చుక్కలు. గులాబీ చుక్కలు, పసుప్పచ్చ చుక్కలు, మధ్యలో అక్కడక్కడా నీలం. గులాబీ చుక్కలు కొంచెం పక్కకి జరిగి పెదవి అంచు దాటి బయటికొచ్చాయి. అచ్చులో ఒక రంగు ప్లేటు సరిగ్గా కూర్చోకపోతే అలా అవుతుందని చెప్పారు. "ఇప్పుడు నువ్వు చూసింది వపా గారి రంగు కాదు నాయినా. అచ్చుమిషను రంగు. నాలుగు ఇంకులే ఉన్నాయి దానికి. ఆయన కాగితం మీద ఏసిన నీటిరంగు ఇంకోటి. అదెలా ఉంటాదో కూర్చుని ఊహించు."

నేను చాలాసేపు ఊహించాను. ఆ వయసులో నాకు దొరికిన పెద్ద బహుమతి అదే అని ఇప్పుడనిపిస్తుంది. అచ్చుబొమ్మ వెనక చెయ్యి పెట్టి వేసిన అసలు బొమ్మ ఇంకొకటి ఎక్కడో ఉందని, దానికి ఓ సైజు, ఓ గరుకుదనం, ఓ బరువు ఉంటాయని తెలియడం.

ఆయన ఓసారి కశింకోట దాకా వెళ్లారట. రైలు దిగి, వాళ్లనీ వీళ్లనీ అడిగి ఇల్లు కనుక్కుని, వీధిలో ఇటు పక్క చెట్టుకింద నిలబడి, తలుపు తట్టకుండానే తిరిగొచ్చేశారు. ఎందుకండీ అంటే, "ఆయన పన్లో ఉంటారు. మనం పోయి ఓ గంట పాడుచేస్తే ఓ ఆకాశం తగ్గిపోద్ది కదా" అన్నారు. వపా గారు 1992లో పోయారు. ఆ రోజు షాపు తియ్యలేదు.

*

మాస్టారికి చిత్రకళ నేర్పింది అంట్యాకుల పైడిరాజు గారు. 1919లో బొబ్బిలిలో పుట్టి, మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో దేవీప్రసాద్ రాయ్ చౌదరి దగ్గర చదువుకుని, తిరిగొచ్చి విజయనగరంలో పిల్లలకి బొమ్మలు నేర్పారు. తర్వాత ఆంధ్రా యూనివర్సిటీలో లలితకళల విభాగం చూసుకున్నారు. ఆయన బొమ్మల్లో మన పల్లె ఆడవాళ్లుంటారు. పెద్ద కళ్లు, పెద్ద బొట్టు, మందపాటి గీత. నీడలు దిద్ది గుండ్రంగా చూపించాలన్న తాపత్రయం ఉండదు. గీతే అంతా చెప్పాలి.

జామినీ రాయ్ బొమ్మ పక్కన పైడిరాజు గారి బొమ్మ పెట్టి చూపించేవారు మాస్టారు. కలకత్తాలో చదువుకున్న జామినీ రాయ్ ఫారిన్ పద్ధతిలో పోర్ట్రెయిట్లు వేసి బాగా పేరు తెచ్చుకుని, అదంతా పక్కన పెట్టేసి బెంగాలు పల్లెల్లో పటాలు వేసేవాళ్ల గీత నేర్చుకున్నాడు. "మనకి పల్లె పక్కనే ఉంది. సీతంపేట కొండల మీద సవర వాళ్ల ఇంటి గోడలు చూశావా? ఎర్రమట్టి అలికి, బియ్యప్పిండితో మనుషుల్ని, గుర్రాల్ని, చెట్లని పెడతారు. అదీ గీత" అనేవారు. ఆ తర్వాత శ్రీకూర్మం తీసుకెళ్లి గుడి చుట్టుమండపం గోడల మీది పాత రంగుబొమ్మలు చూపించారు. చాలావరకు వెలిసిపోయాయి, కొన్నిచోట్ల సున్నం కిందకి పోయాయి. దేవుడి దర్శనానికి వచ్చినవాళ్లు ఒక్కరూ ఆ గోడ వైపు తల తిప్పకపోవడం చూసి ఆయనకి ఆ పూట అన్నం దిగలేదు.

రాయ్ చౌదరి 1929 నుంచి దాదాపు ముప్ఫై ఏళ్లు మద్రాసు స్కూలుకి ప్రిన్సిపాలు. కాబట్టి మాస్టారి లెక్క ప్రకారం రాయ్ చౌదరి ఆయనకి తాతగారు, మాకు ముత్తాత. ఈ చుట్టరికం ఆయన ఎంత గట్టిగా నమ్మేవారంటే, షాపులో దేవుడి పటాల పక్కన రాయ్ చౌదరి శిల్పం ఫొటో ఒకటి ఫ్రేము కట్టి పెట్టారు. మద్రాసు మెరీనాలో 1959లో పెట్టిన శ్రమజీవుల విగ్రహం. నలుగురు కూలీలు, ఒంటిమీద గోచీలు, ఓ పెద్ద బండని కదిలించడానికి ఒళ్లంతా బిగించి తోస్తున్నారు. కంచు. దానికి మోడల్స్‌లో ఒకాయన ఆ ఆర్ట్స్ స్కూల్లోనే రాత్రి కాపలా కాసేవాడట. రోజూ పొద్దున్న అగరొత్తి ఆ ఫొటోకి కూడా తిప్పేవారు.

*

ఇప్పుడు గోడ సంగతి.

మా సందు చివర ఓ బియ్యం గోడౌన్ ఉండేది. దాని పక్కగోడ మీద ప్రకటన రాసే పని మాస్టారికొచ్చింది. ఓ బీడీల కంపెనీది. గోడకి సున్నం కొట్టించి ఆరబెట్టాం. తెల్లారి రాయడం మొదలుపెట్టాలి. సాయంత్రం ఆయన నన్నూ ఇంకో కుర్రాణ్నీ పిలిచి, దారం, నీలంపొడి, టేపు తెమ్మన్నారు. హద్దులు కొట్టడానికే అనుకున్నాం. టేపు పట్టుకుని గోడ పొడవునా నడిపించారు. ఇరవై అయిదున్నర అడుగులు. అక్కడ నిలువుగీత కొట్టించారు. ఎత్తు పదకొండున్నర కావాలి. గోడ తొమ్మిదడుగుల దగ్గరే అయిపోయింది. "పైన రెండున్నర గాల్లో ఊహించుకోండి" అని, జేబులోంచి ఓ పత్రిక ముక్క తీశారు. అగ్గిపెట్టె మీది బొమ్మకన్నా కొంచెం పెద్దది. స్పెయిన్ చిత్రకారుడు పికాసో వేసిన గెర్నికా.

ఆ ముక్క ఓ చేత్తో పట్టుకుని, రెండో చేత్తో సుద్దముక్క పుచ్చుకుని, గోడ మీద ఎక్కడ ఏముంటుందో గుర్తులు పెట్టుకుంటూ పోయారు. బొమ్మ గీయలేదు, చోట్లు మాత్రమే చూపించారు. ఎడం పక్క ఎద్దు. దాని కింద చచ్చిపోయిన బిడ్డని పట్టుకుని పైకి చూసి ఏడుస్తున్న తల్లి. మధ్యలో పొడిచిన గుర్రం, నోరు తెరుచుకుని. దాని కాళ్లకింద విరిగిన కత్తితో పడిపోయిన మనిషి. పైన కరెంటు బల్బు. కిటికీలోంచి దీపం చాపిన చెయ్యి. కుడి చివర మంటల్లో చేతులు పైకెత్తిన మనిషి. ఆ తల్లి తల ఇంతుంటుందని తన రెండు చేతులూ చాపి చూపించారు. అగ్గిపెట్టెంత కాగితంలో నేనా తల్లిని అప్పటిదాకా చూడనేలేదు. ఆయన చేతుల మధ్య ఖాళీలో చూశాను.

అటుగా పోతున్న రిక్షా ఆయన ఆగాడు. "ఏటి బాబూ, గోడ కొలుస్తన్నారా?" అని అడిగాడు. మాస్టారు నవ్వి పంపించెయ్యలేదు. ఆయన పక్కకొచ్చి నిలబడి మొత్తం చెప్పారు. స్పెయిన్ దేశంలో గెర్నికా అని ఓ చిన్న ఊరు. 1937 ఏప్రిల్ 26, సోమవారం. అక్కడ అంతర్యుద్ధం నడుస్తోంది. జర్మనీ, ఇటలీ విమానాలొచ్చి ఊరి మీద బాంబులేసి తగలబెట్టేశాయి. పారిస్‌లో ఉన్న పికాసో అది పేపర్లో చదివి, అయిదు వారాల్లో ఇంత బొమ్మ వేశాడు. రంగులు లేవు. నలుపు, తెలుపు, బూడిద. తన దేశంలో మళ్లీ ప్రజాస్వామ్యం వచ్చేదాకా దాన్ని అక్కడికి పంపొద్దన్నాడు. అది న్యూయార్క్‌లోనే ఉండిపోయి, పికాసో పోయాక ఎప్పటికో, 1981లో స్పెయిన్ చేరింది.

రిక్షా ఆయన తలపాగా తీసి భుజమ్మీద వేసుకున్నాడు. "సోమారం అంటే ఆల సంత రోజా బాబూ?" అన్నాడు.

మాస్టారు తలూపారు. నిజంగానే అక్కడ సోమవారం సంత.

"సంత రోజునే ఏసీసినారా" అన్నాడు ఆయన. కాసేపు ఆ సుద్దగుర్తుల వంక చూశాడు. తర్వాత ఆ తల్లి గుర్తు ఏదో మళ్లీ చూపించమని అడిగి, చూసి వెళ్లాడు.

మర్నాడు పొద్దున్న నీలిగీతలు తడిగుడ్డతో తుడిచి బీడీల ప్రకటన రాశాం. మంచి ఎరుపు, మంచి పసుపు. చాన్నాళ్లు ఉందది.

*

నాన్నకి బొమ్మల గోల పట్టేది కాదు. కానీ ఒక్కటి పట్టింది.

రాంకింకర్ బైజ్ శిల్పాల ఫొటోలు ఓ ఇంగ్లీషు పత్రికలో వచ్చాయి. మాస్టారు వాటిని చూసి ఎగిరి గంతేశారు. శాంతినికేతన్‌లో 1938లో ఆయన చేసిన సంథాల్ గిరిజనుల కుటుంబం. కావిడిలో బిడ్డని కూర్చోబెట్టుకుని ఓ మగమనిషి, పక్కన నెత్తిన సామానుతో ఆడమనిషి, వెంట కుక్క. ఊరొదిలి పనికోసం పోతున్నారు. రాజులు లేరు, దేవుళ్లు లేరు, నాయకులు లేరు. మాస్టారి ఆనందం అందుకు కొంత, ఇంకో దానికి ఎక్కువ. "సిమెంటురా! సిమెంటూ గులకరాళ్లూ! కంచు కాదు, చలవరాయి కాదు!" అని షాపంతా తిరిగారు. ఎండా వానా తగిలే చోట, చేతికందిన సరుకుతో, చుట్టూ రోజూ కనిపించే మనుషుల్ని అంతెత్తు నిలబెట్టాడాయన.

ఆ పక్క పేజీలో 1956 నాటి మిల్లు పిలుపు. మిల్లు సైరన్ విని పరుగున పోతున్న ఇద్దరు ఆడవాళ్లు, గాలికి ఎగురుతున్న చీరలు, వెనక ఓ పిల్లాడు. నేనా పత్రిక ఒక్క రాత్రికి అడిగి ఇంటికి తీసుకెళ్లాను. నాన్న బీషిఫ్టు దిగి వచ్చి, కాళ్లు కడుక్కుని, లాంతరు దగ్గర అది చూశాడు. ఒంటికి జనపనార నూగు ఇంకా అంటుకునే ఉంది. ఎంతసేపు చూశాడో. "రెండో కూత ఇది" అన్నాడు. నాకర్థం కాలేదు. "మొదటి కూతకి ఇంత పరిగెట్టరు. రెండోది ఏసినాకే ఇలా. గేటు మూసెత్తారని." తర్వాత అమ్మని పిలిచి చూపించాడు. నెల్లిమర్ల సైరన్ నేను పుట్టినప్పటి నుంచి వింటున్నాను. దాని మీద ఓ శిల్పం ఉంటుందని, దాన్ని మా నాన్న నాకు విడమరిచి చెబుతాడని ఎన్నడూ అనుకోలేదు.

ఆ ఊపులోనే మాస్టారు విగ్రహాల పని ఒప్పుకోవడం మొదలెట్టారు. గజపతినగరం వైపు ఓ ఊళ్లో గాంధీగారి బొమ్మ మొదటిది. ఇనపకడ్డీలు వంచి అస్థిపంజరం కట్టి, దానికి గోనెతాడు చుట్టి, చెరువుమట్టి మెత్తగా తొక్కి, పొర మీద పొర వేసేవాళ్లం. మట్టి ఎండకుండా తడిగోనెలు కప్పేవాళ్లం. బొమ్మ తయారయ్యాక ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో ముక్కలు ముక్కలుగా అచ్చు తీసి, లోపల మట్టి తవ్వేసి, సబ్బునీళ్లు పూసి, సిమెంటు పోసేవాళ్లం. అచ్చు పగలగొట్టే రోజు మాస్టారు పొద్దున్నుంచి ఏమీ తినేవారు కాదు. చిన్న ఉలితో టకటకమని కొడుతుంటే తెల్ల పెంకులు ఊడి, లోపల్నుంచి ముందు ముక్కు బయటికొచ్చేది. ముక్కు బాగుంటే అప్పుడు ఉప్మా.

ఊరివాళ్లు రోజూ వచ్చి సలహాలిచ్చేవారు. గాంధీగారు నవ్వాలి. గాంధీగారు లావవ్వాలి. కళ్లజోడు నిజంది పెట్టాలి. మాస్టారు అందరి మాటా విని, మెరీనాలో రాయ్ చౌదరి చేసిన గాంధీ విగ్రహం ఫొటో చూపించి, "చూడండి, ఆయన నడుస్తున్నాడు. నవ్వడానికి ఆగలేదు" అనేవారు. ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు.

మధ్యలో ఓసారి రాజమండ్రి వెళ్లాం, ఆయనా నేనూ, పాసింజర్లో. దామెర్ల రామారావు ఆర్ట్ గేలరీ చూడ్డానికి. అచ్చులో కాకుండా ఓ పెద్ద చిత్రకారుడి చెయ్యి తగిలిన కాగితాన్ని నేను మొదటిసారి చూసింది అక్కడే. సిద్ధార్థ రాగోదయం ముందు మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. తర్వాత ముట్టుకోకుండా గాల్లోనే జానతో కొలిచి పుస్తకంలో రాసుకున్నారు. రామారావు గారు 1897లో పుట్టి, మశూచి సోకి 1925లో పోయారు. తిరుగు రైల్లో మాస్టారు అమృతా షేర్‌గిల్ గురించి చెప్పారు. 1937లో మన దక్షిణాది పల్లెవాళ్లు సంతకి పోతున్న బొమ్మ వేసిందావిడ. 1941లో పోయింది, ఇరవై ఎనిమిదేళ్లకి. "ఇద్దరికీ ముప్ఫై నిండలేదురా" అని, సామర్లకోట దాటేదాకా కిటికీ బయటికే చూస్తూ కూర్చున్నారు.

*

నాకు మద్రాసులో ఓ ప్రింటింగ్ ప్రెస్సులో ఉద్యోగం దొరికింది. రంగుల ప్లేట్లు చూసే పనే, భూతద్దం పుణ్యమా అని. మెయిల్లో దిగిన మొదటి ఆదివారం మెరీనా ఉత్తరపు చివర విగ్రహం దగ్గరికి వెళ్లాను. షాపులో అగరొత్తి పొగలో అన్నేళ్లు చూసిన ఫొటో అది. ఎదురుగా నిలబడితే ఒక్క క్షణం నోటమాట రాలేదు. వెళ్లి కార్డు రాశాను, చూశాను మాస్టారూ, చాలా గొప్పగా ఉంది, అని.

వారంలో జవాబొచ్చింది. ఇన్లాండ్ లెటర్. క్షేమసమాచారాలు ఒక్క లైను. "ఎదురు నుంచి తీసిన ఫొటో నా దగ్గరుంది. నువ్వు చెప్పవలసింది అది కాదు. వెనక వైపు ఎలా ఉంది? వీపులు ఎలా ఉన్నాయి? పాదాలు నేల మీద ఎలా ఆనాయి? మడమల దగ్గర నరాలు చూశావా? బండ మీద ఉలిగుర్తుల మాదిరి ఏమైనా ఉంచాడా, నున్నగా చేశాడా? గీసి పంపు."

ఆయన ఎప్పుడూ మద్రాసు వెళ్లలేదు. ఇంటి పరిస్థితులు, షాపు, అమ్మగారి ఆరోగ్యం. అన్నేళ్లు పూజ చేసిన విగ్రహం వీపు ఆయన చూడలేదు. ఆ ఉత్తరం చదివి నాకు కళ్లు తిరిగాయి. వచ్చే ఆదివారం డ్రాయింగు కాగితాలు, పెన్సిళ్లు పట్టుకుని తెల్లవారగానే వెళ్లాను. చుట్టూ తిరిగి, ఇసకలో కూర్చుని, నలుగురి వీపులూ గీశాను. ఒక్కొక్కడి పాదం విడిగా గీశాను. పల్లీలమ్మే కుర్రాడు వెనకే నిలబడి చూసి, "ఎన్నా సార్, ముగం వరెయలయా?" అని అడిగాడు. మొహాలు గీయవా అని. మొహాలున్న ఫొటో ఊళ్లో ఉందని నాకొచ్చిన అరవంలో చెప్పాను.

ఆ కాగితాలు గొట్టంలో చుట్టి రిజిస్టర్ పోస్టులో పంపించాను. చాన్నాళ్లు జవాబు లేదు. సంక్రాంతికి ఊరొస్తే ఆయనేమీ మాట్లాడకుండా నన్ను బస్సెక్కించి ఓ మార్కెట్ యార్డుకి తీసుకెళ్లారు. కలాసీల సంఘం వాళ్లు అడిగితే చేసిన విగ్రహం, అప్పుడే గోనెలు విప్పారు. బస్తా మోస్తున్న కలాసీ, మనిషికన్నా ఓ అడుగు ఎత్తు. సిమెంటు, గులకరాళ్లు, రంగేమీ పూయలేదు. తల వంచుకుని ఉన్నాడు, మొహం సగం బస్తా నీడలోనే. నేను వెనక్కెళ్లి చూశాను. కుడిమడమ నేల నుంచి లేచి ఉంది. పిక్క కండ ముడిపడి, మడమ పైన నరం తాడై బిగుసుకుని, బరువంతా ముందుకాలి బొటనవేలి మీదకి పోయింది. మాస్టారు వంగి ఆ మడమ మీద చెయ్యి వేసి, "ముందు నుంచి చూసేవాడికి ఇది కనపడదు. అయినా ఇది లేకపోతే ఈడు పడిపోతాడు" అన్నారు.

నాకు తెలిసి ఉత్తరాంధ్రలో అంత మంచి సిమెంటు బొమ్మ ఇంకోటి లేదు. నా గురువని చెప్పడం కాదు. కలాసీలే చెబుతారు, బస్తా ఎత్తిన ఏ మనిషినైనా అడగండి.

ఫ్లెక్సీలు వచ్చాక షాపు ఏడాదిలో ఖాళీ అయిపోయింది. ఆ ముక్క గురించి ఎక్కువ రాయలేను. బ్రష్షులు మాత్రం చివరిదాకా సబ్బుపెట్టి కడిగి నిలబెట్టేవారని కోడలు చెప్పింది.

కలాసీ బొమ్మకి ఎవరో అభిమానంతో ఓసారి సిల్వర్ పెయింట్ వేశారు. తర్వాత ఏటా మేడే ముందు ఓ పూత. ఓసారి నీలం చొక్కా, ఎర్ర తలగుడ్డ కూడా వేశారు. ఇప్పుడు పూతలు పేరుకుని గులకరాళ్లు కనపడడం లేదు, మడమ దగ్గర నరం పూడిపోయింది. పెద్దకర్మ రోజున మాస్టారి శిష్యులం నలుగురైదుగురం వెళ్లి సంఘం పెద్దలతో మాట్లాడాం. రంగులు తీసేసి అసలు సిమెంటు బయటపెడతామంటే ముందు ఒప్పుకోలేదు. బోసిగా ఉంటుందన్నారు. పాత ఫొటో చూపించాక ఒప్పుకున్నారు.

పైడితల్లమ్మ సిరిమాను పండగ అయ్యాక వచ్చే ఆదివారం పని మొదలుపెడుతున్నాం. పెయింట్ రిమూవర్, సన్న ఉలులు, కొబ్బరిపీచు నేను తెస్తున్నాను. ఇనప బ్రష్షులు ఎవరూ తేవద్దు, గులకలు ఊడిపోతాయి. నిచ్చెన యార్డులోనే ఇస్తామన్నారు. ఆయన దగ్గర ఎప్పుడైనా పనిచేసినవాళ్లు, చెయ్యి కలపాలనుకునేవాళ్లు పొద్దున్న ఏడింటికల్లా గంటస్తంభం దగ్గరికి రండి. అక్కణ్నుంచి ఆటోలో పోదాం. మొదట మడమ దగ్గర్నుంచే మొదలుపెడతాం.